గ్రైండరు కింద చార్మినార్

పాత నాణెం విలువ తెలుసుకోవాలనుకునేవాళ్లు మొట్టమొదట తీసుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. దాన్ని నాలాంటివాడి చేతికి ఇవ్వకూడదు.

ఈ మాట మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్లు నమ్మరు. రిటైరయ్యాక నేను అమీన్‌పూర్‌లో ఉంటున్నాను. సాయంత్రం కిందికి దిగి బెంచీ మీద కూర్చుంటే ఎవరో ఒకరు ఫోను పట్టుకొని వస్తారు. ఫలానా గుర్తున్న రెండు రూపాయల బిళ్ల లక్షలు పలుకుతుందని వీడియోలో చెప్పారట. ఇంట్లో డబ్బా తిరగేస్తే సరిగ్గా అదే దొరికిందట. నేను కళ్లజోడు పెట్టుకొని తిప్పి చూసి, దీనికి రెండు రూపాయలు వస్తాయి, చెల్లుతుందని కొట్టువాడు ఒప్పుకుంటే, అంటాను. వాళ్లకు కోపం వస్తుంది గానీ, అంకుల్ ముప్ఫై ఏళ్లు మెటల్ ల్యాబులో పనిచేశారని గౌరవం కొద్దీ ఊరుకుంటారు.

ఆ ముప్ఫై ఏళ్లలో నా దగ్గరికి వచ్చిన నాణేల్లో విలువెంతని నిజంగా అడగదగ్గది ఒక్కటే. నేను పరీక్షించాక దాని గురించి అడగడానికి ఏమీ మిగల్లేదు. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న మీలాంటి వాళ్ల కోసం ఆ సంగతి రాస్తున్నాను. గొప్పగా చెప్పుకునే సంగతులు నాకూ ఉన్నాయి. అవి నా రిటైర్మెంటు సభలో వేరేవాళ్లు చెప్పేశారు, సగం అబద్ధాలతో కలిపి.

మాది పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఉక్కు పోతపోసే ఫౌండ్రీ. నేను కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాణ్ణి. ల్యాబు ఇన్‌చార్జిని. మా పని చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. కొలిమిలో ఉక్కు కరిగాక ఒక గరిటెడు తీసి చిన్న బిళ్లగా పోసి మాకు పంపుతారు. మేం ఆ బిళ్ల ముఖాన్ని గ్రైండరు బెల్టు మీద గీకి చదును చేసి యంత్రానికి బిగిస్తే, అది నిప్పురవ్వ కొట్టి, ఏ లోహం ఎంతుందో అర నిమిషంలో తెర మీద చూపిస్తుంది. ఇందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, మా ల్యాబు గుమ్మం దాటి వచ్చిన ఏ బిళ్లకైనా ముందుగా జరిగేది ముఖం గీకించుకోవడం. రోజుకు ఇరవై ముప్ఫై బిళ్లలు. కొన్నేళ్లకు ఆ పని మనిషి చెయ్యడు, చెయ్యి చేస్తుంది.

యంత్రం కొత్తగా వచ్చినప్పుడు, ల్యాబులో మిషను ఏ లోహమైనా చెప్పేస్తుందట అని చుట్టుపక్కల పుకారు పుట్టింది. జనం కడియాలు, చెంబులు, అత్తగారు ఇచ్చిన వెండి కుంకుమ భరిణెలు పట్టుకొచ్చారు. నేను వాటిని చేత్తో పట్టుకొని, అయస్కాంతం ఆనించి, తోచిందేదో చెప్పి పంపేవాణ్ణి. అవి చాలావరకు నిజమయ్యేవి. అలా కాస్త పేరొచ్చింది. ఆ పేరు యంత్రానిదా, నాదా అని ఎవరూ అడగలేదు, నేనూ తేల్చలేదు.

మోల్డింగ్ షాపులో మేస్త్రి ఒకాయన ఉండేవాడు. కర్దనూర్ మనిషి. ఇసుకతో అచ్చులు కట్టడంలో ఆయన్ని మించినవాడు ఆ పారిశ్రామికవాడలో లేడు. నాకూ ఆయనకూ ఇరవై ఏళ్ల తగాదా. పోత సరిగ్గా రాకపోతే తప్పు నీ ఇసుకదని నేను, కాదు మీ లోహందని ఆయన. ఇద్దరం అరుచుకొని, తర్వాత క్యాంటీన్లో ఒకే బల్ల మీద టీ తాగేవాళ్లం. ఫ్యాక్టరీలో స్నేహానికి అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ఆయన వాళ్ల ఊరి చర్చికి ట్రెజరర్ కూడా. చర్చి బీరువా తాళంచెవులు మొలతాడుకు కట్టుకొని తిరిగేవాడు. కొలిమి దగ్గర అవి కాగి నడుముకు వాతలు పెట్టినా తీసి పక్కన పెట్టేవాడు కాదు.

వాళ్ల చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. పంటలో మొదటిది తెచ్చి దేవుడి ముందు పెట్టి, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. పొలాలన్నీ ప్లాట్లు, షెడ్లు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు గుమ్మడికాయల పక్కన బిస్కెట్ల డబ్బాలు, ప్లాస్టిక్ బకెట్లు కూడా ఉంటాయి. మా మేస్త్రి ప్రతి ఏడాదీ తను పోసిన ఇనుప పెనం ఇచ్చేవాడు. సొరకాయ ఐదు వందలకు పోతుంది, నాటుకోడి ఎంతకు పోతుందో చెప్తే మీరు నమ్మరు. ఇంకో నియమం కూడా ఉంది. పేరు చెప్పకుండా పెట్టిన కానుక ఎవరిదని అడగకూడదు. తెలిసినా తెలియనట్టే ఉండాలి.

ఆ ఏడాది ఒక బియ్యం గంపలో అడుగున పసుపుపచ్చని నాణెం దొరికింది. ఒక వైపు చార్మినార్, ఇంకో వైపు ఉర్దూ రాత, మెడలో వేసుకోవడానికి పైన ఒక కొండి. నిజాం కాలంలో ఇక్కడ చెల్లిన రూపాయి మీద ఇదే బొమ్మ ఉండేది, అది వెండిది. ఇంచుమించు ఇలాంటి బొమ్మతోనే బంగారు అష్రఫీ కూడా ఉండేది. ఇది ఏదో తెలియలేదు. వేలం ఆగిపోయింది. బంగారాన్ని గుమ్మడికాయ ధరకు అమ్ముకుంటామా అని సంఘ పెద్ద అన్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టర్, సైన్సు చెప్పినవారు, ఊళ్లో ఆయన మాటకు ఎదురులేదు. అంగట్లో కంసాలి దగ్గరికి వద్దు, తూకంలో తినేస్తారు, ఫ్యాక్టరీలో యంత్రం మీద చూపించండి, యంత్రం అబద్ధం చెప్పదు అని కూడా ఆయనే అన్నారు.

సోమవారం పొద్దున మేస్త్రి రుమాల్లో చుట్టుకొని తెచ్చాడు.

“సార్, గిది జెర సూడుండ్రి. బంగారమా కాదా, ఒక్క మాట చెప్పుండ్రి సాలు.”

“ఎవరిది?” అన్నాను.

“దేవునిది,” అన్నాడు.

నేను నవ్వి నాణెం తీసుకున్నాను. ఆ పొద్దున అప్పటికే ఆరు బిళ్లలు చూసి ఉన్నాను. కొండి అడ్డం వస్తుందని కటింగ్ ప్లయరుతో తుంచేశాను. ఏ ముఖమైతే బిగించడానికి అనువుగా ఉంటుందో అని ఆలోచించాను కూడా. ఉర్దూ వైపు కంటే చార్మినార్ వైపు నయమనిపించింది. గ్రైండరు స్విచ్ వేసి బెల్టుకు ఆనించాను. మేస్త్రి నోరు తెరిచాడు గానీ, ఆ చప్పుడులో ఏమన్నాడో వినపడలేదు. రెండు సెకన్ల పని. నాలుగు మినార్లూ పోయాయి. పసుపు పోయి కింద తెల్లగా మెరిసింది.

యంత్రానికి బిగించి రవ్వ కొట్టించాను. తెర మీద అన్ని గడుల్లోనూ చుక్కలు వచ్చాయి. మా కంపెనీ యంత్రం కొన్నప్పుడు ఉక్కు ప్రోగ్రాం ఒక్కటే కొన్నది, వెండి బంగారాలవి కొనలేదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కొనుగోలు కాగితం మీద సంతకం నాదే.

“ఏమంటుంది సార్ మిషను?”

“ఉక్కు కాదంటోంది.”

“గంతేనా?”

“అంతే.”

లోపల వెండి, పైన బంగారు పూత, తెల్లగా రావడం నువ్వు చూశావుగా, అదే చెప్పు వాళ్లకు అన్నాను.

“నేను సూసిన సార్. ఆళ్లు సూడలే గద. ఒక కాయితం రాసియ్యుండ్రి.”

కాగితం రాయడానికి నాకు నియమాలు అడ్డొచ్చాయి. కంపెనీ లెటర్‌హెడ్ కంపెనీ పనికే. సొంత పనికి యంత్రం వాడటం తప్పు కాబట్టి రిజిస్టరులో ఎక్కించలేదు. నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో రిజిస్టరుకెక్కని శాంపిల్ అదొక్కటే. నా పేరు చెప్పు చాలు అన్నాను. నా పేరు చాలుతుందని నిజంగానే అనుకున్నాను.

తర్వాతి ఆదివారం చర్చిలో హెడ్మాస్టర్ గారు నాణెం చేతిలోకి తీసుకొని ఇటు తిప్పారట, అటు తిప్పారట. ఒక పక్క పసుపు, ఒక పక్క తెలుపు. కొండి లేదు. తూకం తగ్గినట్టుంది. మేస్త్రి నా పేరూ, పూత సంగతీ చెప్పాడట. ఆయన ఒక్కటే అడిగారు: “గీకిన బంగారం ఏది?”

దొంగ అన్న మాట ఎవరూ అనలేదు. మర్యాద తెలిసిన మనుషులు. బీరువా తాళంచెవులు కొన్నాళ్లు పెద్దల దగ్గర ఉంటే అందరికీ మంచిదని మాత్రం అన్నారు. మేస్త్రి మొలతాడు నుంచి విప్పి ఇచ్చేశాడు.

నాకు ఇదేమీ తెలియదు. ఆయన చెప్పలేదు. రెండు వారాల తర్వాత ఒక పోత బొక్కలతో వచ్చింది. నేను యథాప్రకారం తప్పు నీ ఇసుకదని అరిచాను.

“కావొచ్చు సార్,” అన్నాడు.

ఇరవై ఏళ్లలో ఆయన నోట ఆ మాట వినలేదు. భయమేసింది. అచ్చు దగ్గర వంగి పనిచేస్తూ మధ్యమధ్య నడుము తడుముకోవడం అప్పుడు గమనించాను. నిలదీస్తే చెప్పాడు. ముప్ఫై పైసల లెక్క తప్పితే రాత్రంతా నిద్రపోని మనిషి, దేవుడి సొమ్ము తిన్నాడన్న చూపులు మోస్తూ రోజూ పనికొస్తున్నాడు. దానికి కారణం నేను.

నాకు చేతనైనవి చేశాను, అంటే మళ్లీ కాగితాలు. తెల్లకాగితం మీద, ఈ నాణెం గీకినది నేను, పైది పూత అని రాసి పంపాను. స్టాంపు లేదని తిరిగొచ్చింది. లెటర్‌హెడ్ ఇవ్వమని మేనేజరును అడిగితే, తప్పకుండా, శాంపిల్ రిజిస్టరు నంబరు చెప్పండి అన్నాడు. నేను ఆయనకు థాంక్స్ చెప్పి వచ్చేశాను.

పోనీ, నాణెంగా దానికి ఏదైనా విలువుంటే ఆ డబ్బయినా చర్చికి ముడుతుందని ఒక ఆశ. నాణెం చర్చి బీరువాలో ఉంది కానీ, మేస్త్రి ఫోనులో గీకిన తర్వాతి ఫొటో ఉంది. హైదరాబాద్‌లో పాత నాణేలు కొనే ఒకాయనకు పంపి ఫోను చేశాను.

“చార్మినార్ గుమ్మంలో ఉర్దూ అక్షరం ఒకటుంటుంది సార్. దాన్ని బట్టే ఏ నవాబుదో, ఎప్పటిదో చూస్తం. ఏముంది?”

“గుమ్మం లేదండీ.”

“మినార్లు?”

“అవీ లేవు.”

“పూత పూయించిండ్రు, కొండి అతికించిండ్రు, కొండి పీకిండ్రు, ఇగ ముఖం గీకిండ్రు. సార్, దీని మీద ఏమన్న పగవట్టినారా?” అన్నాడు. ఇంక కరిగిస్తే వచ్చే వెండి ధరేనట. గీకకపోయినా పెద్దగా రాకపోవచ్చు, కానీ చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది అని కూడా అన్నాడు. ఓదార్పుకనుకుంటాను.

అప్పుడు నాకు గ్రైండరు కింది దుమ్ము సంచి గుర్తొచ్చింది. గీకిందంతా అందులోకే పోతుంది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ నేనూ మేస్త్రీ సంచి విప్పి పేపరు మీద గుమ్మరించాం. ఉక్కు దుమ్ము అయస్కాంతానికి అంటుకుంటుంది, వెండీ బంగారం అంటుకోవు. కాబట్టి అయస్కాంతంతో ఉక్కంతా లాగేస్తే మిగిలేది మనదే. గంటసేపు లాగాం. ఇద్దరు పెద్దమనుషులు మోకాళ్ల మీద కూర్చొని దుమ్ములో దేవుడి సొమ్ము వెతుకుతున్నాం. చివరికి చిటికెడు బూడిదరంగు పొడి మిగిలింది. అది చాలావరకు గ్రైండరు బెల్టు నుంచి రాలిన గరుకే.

ల్యాబు ఊడ్చే అక్క చీపురు పట్టుకొని మా వెనకే నిలబడి ఉంది. ఆమె కాంట్రాక్టు మనిషి, ఆమెదీ కర్దనూరే, అదే చర్చి. నాకంటే పెద్దది, అందరం అక్కా అనేవాళ్లం.

“దాంట్ల బంగారం లేదు సార్,” అన్నది.

మేస్త్రి వినిపించుకోలేదు. హూటరు మోగితే లేచి షాపుకు వెళ్లిపోయాడు. అక్క వెళ్లలేదు.

“నీకెలా తెలుసక్కా?”

“గా బిళ్ల నేనే ఏసిన గంపల.”

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె నిలబడే చెప్పింది. ఆ నాణెం ఆమె అత్తగారిది. ఆ ముసలామె జీవితమంతా దాన్ని మెడలో వేసుకొని తిరిగింది. మా ఇంట్లో అష్రఫీ ఉందని ఊరంతా చెప్పుకుంది. అక్క భర్త జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అమ్ముదామని సంగారెడ్డి అంగడికి తీసుకెళ్తే, షావుకారు గీటురాయి మీద ఒక గీత గీసి పూత అని చెప్పాడు. ఒక నిమిషం కూడా పట్టలేదట, డబ్బులు కూడా తీసుకోలేదట. చదువూ యంత్రమూ ఉన్న నాకు ఆ గీటురాయి ఎందుకు గుర్తు రాలేదో ఇవాళ్టికీ జవాబు లేదు. భర్త పోయాడు, తర్వాత అత్త పోయింది. తన దగ్గర ఉన్నదాంట్లో అదే పెద్దదని దేవుడికి ఇచ్చేసింది.

“మరి ఈ మాట చర్చిలో చెప్తే పోయేది కదక్కా! మేస్త్రి ప్రాణం పోతోంది.”

“గా హెడ్మాస్టరు ఎవలనుకున్నరు? నా మరిది. మా ఆయన కూలికి పోయి సదివిచ్చిండు తమ్ముణ్ణి. బడిల పిల్లలకు చెప్తుండెనట, మా అమ్మ మెడల అష్రఫీ ఉంటదని. గంపల సూడంగనే గుర్తువట్టిండు. కానుక ఎవలదని అనొద్దు గద, గందుకే నోరు దెరుస్తలేడు. ఆల్లమ్మ బంగారం గీకిండ్రని ఆయన బాధ. గది పూత అని నలుగుట్ల నేనెట్ల చెప్పాలె సార్?”

కళ్లు తుడుచుకొని ఆమే మళ్లీ అన్నది.

“మేస్త్రి పోయిన నెల చర్చిల ప్రభువు బల్ల కాడికి రాలే. రొట్టె తీస్కోలే. నేను సూసిన. నాకు అన్నం సయిస్తలేదు. ఒక్క ఆయితారం ఆగుండ్రి. అప్పటిదాంక మీరు చెప్పొద్దు, ఒట్టేయుండ్రి.”

ఒట్టు వేశాను. ఇప్పుడు నాకు నిజం తెలుసు, చెప్పకూడదు. అంతకుముందు తెలియకపోయినా అన్నీ చెప్పేవాణ్ణి.

ఆ ఆదివారం చర్చికి వెళ్లాను. అంతకుముందే కబురు పంపి, నేను నోటితో చెప్పి పరీక్ష చేసి చూపిస్తానంటే సంఘ పెద్దలు ఒప్పుకున్నారు. నెలలో మొదటి ఆదివారం, వాళ్లకు ప్రభు భోజనం ఉండే రోజు. మీద నింద ఉన్నవాళ్లు అది తేలేదాకా ఆ రొట్టె ముట్టరట. చెప్పులు బయట విడిచి వెనక బెంచీలో కూర్చున్నాను. మేస్త్రి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రొట్టె తీసుకోవడానికి వరసలు వరసలుగా అందరూ లేచి ముందుకు వెళ్లారు. ముసలివాళ్లను పట్టుకొని నడిపించారు. చర్చి మొత్తంలో మేమిద్దరమే మిగిలాం. నేను వాళ్ల మతంవాణ్ణి కాను కాబట్టి లేవలేదు. ఆయన ఎందుకు లేవలేదో అందరికీ తెలుసు. వెళ్లవయ్యా అన్నాను నెమ్మదిగా. మాట తేలకుండా ఎట్ల పోను సార్ అన్నాడు, నావైపు చూడకుండా.

ఆరాధన అయ్యాక ఆవరణలో చేరారు. హెడ్మాస్టర్ గారు త్రాసు తనే తెచ్చారు, పాత బడి నుంచి. మీ త్రాసు మీరే తెచ్చుకుంటే ఎట్ల అన్నారు, న్యాయమే. నేను చెయ్యబోయింది ఇది: నాణేన్ని గాలిలో ఒకసారి, దారం కట్టి నీళ్లలో వేలాడదీసి ఒకసారి తూచితే, అది తన సైజుకు ఎంత బరువో తెలుస్తుంది. నీళ్లకు పదింతలుంటే వెండి, పదిహేడు దాటితే బంగారం. గీకడాలు ఏమీ ఉండవు. మా ల్యాబులో ట్రైనీలకు నేనే నేర్పేవాణ్ణి.

ఆ పరీక్ష నన్ను చెయ్యనివ్వలేదు. హెడ్మాస్టర్ గారే దారం కట్టారు, స్టీలు గ్లాసులో నీళ్లు పోశారు, బుడగలు రాకుండా వేలితో తట్టారు, అంకెలు గట్టిగా చదివారు, భాగహారం చేశారు. చేస్తున్నంతసేపూ ఆయన ముఖం వెలిగిపోయింది. రిటైరైన తర్వాత అంతమంది ఎదుట పాఠం చెప్పే అవకాశం రావడం అదే మొదటిసారి కాబోలు.

“పదీ పాయింట్ రెండు,” అన్నారు. “వెండి.”

జనంలో కదలిక వచ్చింది. మేస్త్రి ఊపిరి వదలడం నాకు వినిపించింది.

“అయితే,” అని హెడ్మాస్టర్ గారు చెయ్యెత్తారు. “మిగిలింది వెండి. పోయింది ఏందో ఈ నీళ్లు చెప్పయి.”

ఆయన చెప్పింది నిజం. ఆయనతో వచ్చిన చిక్కే అది. రెండో వైపు కూడా పల్చని పూతే కదండీ అన్నాను. ఒక దిక్కు పల్చగుంటే ఇంకో దిక్కు గట్లనే ఉండాలని ఏ పుస్తకంల ఉంది సార్ అన్నారు. గీకినవాణ్ణి నేను, నా చేతులతో గీకాను, మేస్త్రి చెయ్యి కూడా పెట్టలేదు అన్నాను. మీరు ఆయన దోస్తు గద అన్నారు, ఎంతో మర్యాదగా. మేస్త్రి తలవంచుకున్నాడు. ఒట్టు తీసి గట్టు మీద పెడదామని నోరు తెరిచాను.

“గా బిళ్ల నేనేసిన.”

ఆడవాళ్ల వైపు నుంచి అక్క లేచి నిలబడింది. కొంగు తలమీదికి లాక్కొని, హెడ్మాస్టర్ వైపే చూస్తూ చెప్పింది.

“మీ అమ్మ మెడల బిళ్లనే తమ్మీ. నువ్వు గుర్తువట్టినవ్, నాకెర్కే. మీ అన్న దవాఖానల ఉన్నప్పుడు అమ్ముదామని తీస్కవోయిన. షావుకారు రాయి మీద గీసి పూత అన్నడు. ఇంటికొచ్చి, కొంటలేరత్తా అన్న. బంగారం గద, గంత పైస ఎవలి కాడ ఉంటది అన్నది మీ అమ్మ. నేను ఊకున్న. ఈ మేస్త్రి ఏం దియ్యలే. తీస్తందుకు దాంట్ల ఏం లేకుండె.”

హెడ్మాస్టర్ గారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

“అమ్మకు తెల్సా వదినా?”

“తెల్వదు. బంగారమనే సచ్చిపోయింది.”

“నాకన్న చెప్పొద్దా?”

“నువ్వు గంత మురిసేటోనివి. నీకెట్ల చెప్పాలె?”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత నడుచుకుంటూ మేస్త్రి దగ్గరికి వచ్చారు. క్షమించమని అంటారనుకున్నాను, అనలేదు. మేస్త్రి పక్కన నిలబడి, పాస్టర్ గారితో, పండుగ నాడు ఆగిన వేలం ఉంది గద, కానియ్యుండ్రి అన్నారు.

పాస్టర్ గారు నాణేన్ని ఎత్తి చూపించారు. హెడ్మాస్టర్ గారు వెయ్యి అన్నారు. ఇంకెవరూ పలకలేదు. ఎవరు పలుకుతారు! ఒక్కరి పాట మీద కొట్టెయ్యడం వాళ్ల పద్ధతి కాదు. పాస్టర్ గారు దిక్కులు చూస్తుంటే మేస్త్రి గొంతు సవరించుకొని పదకొండు వందలు అన్నాడు. హెడ్మాస్టర్ గారు పన్నెండు అన్నారు. మేస్త్రి పదమూడు. రెండు నెలలుగా ముఖం చూసుకోని మనుషులు పక్కపక్కనే నిలబడి అంకెలతో మాట్లాడుకున్నారు. అది చూసి నాకు ఆగలేదు. నా పాపానికి నేనూ ఏదో ఒకటి చెల్లించాలని, ఐదు వేలు అని అరిచాను.

హెడ్మాస్టర్ గారు నావైపు తిరిగారు. “సార్, మీరు ఊకోండ్రి. దాన్ని మీ చేతికి మాత్రం ఇయ్యం.”

ఆవరణంతా ఘొల్లుమంది. మేస్త్రి కూడా నవ్వాడు, పొట్ట పట్టుకొని. నేనూ నవ్వాను. నవ్వులోనే కళ్లలో నీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

చివరికి ఆరు వేలకు హెడ్మాస్టర్ గారి పేర కొట్టేశారు. ఆయన డబ్బులిచ్చి, వదిన దగ్గరికి వెళ్లి నాణెం ఆమె చేతిలో పెట్టబోయారు. ఇచ్చిందాన్ని మళ్ల తీస్కుంటరా అని ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. రసీదు రాయాలన్నారు ఎవరో. రసీదు పుస్తకం బీరువాలో ఉంది. హెడ్మాస్టర్ గారు జేబులోంచి తాళంచెవులు తీసి మేస్త్రి చేతిలో పెట్టారు. మేస్త్రి లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి, గోడ మీద ఆనించి, కార్బన్ కాగితం సర్దుకొని, తారీఖు వేసి, పేరు రాసి ఆగాడు.

“వస్తువు ఏందని రాయాలె సార్?”

హెడ్మాస్టర్ గారు నాణేన్ని పసుపు మిగిలి ఉన్న వైపు తిప్పి ఒకసారి చూసుకున్నారు.

“వెండి రూపాయి అని రాయి,” అన్నారు.